పండ్లకు కప్పు కొలత చాలదు, గ్రాములూ వేయండి

సంపాదకులకు,

నమస్కారం. మీ వంటల పేజీలో పండ్లతో చేసే వంటకం వచ్చినప్పుడల్లా పదార్థాల జాబితాలో ఒక లోటు కనిపిస్తోంది. చక్కెర 250 గ్రాములు, వెన్న 100 గ్రాములు అని కచ్చితంగా వేస్తారు. పండు దగ్గరకు వచ్చేసరికి ‘రెండు కప్పుల ముక్కలు’ అనో ‘మూడు అరటిపళ్లు’ అనో సరిపెడతారు. నిజానికి ఆ జాబితాలో అన్నిటికంటే ఎక్కువ తేడా వచ్చేది పండు దగ్గరే. చక్కెరను ఎవరు కప్పుతో తలకొట్టి కొలిచినా ఇంచుమించు ఒకే తూకం వస్తుంది. పండుకు అలా రాదు. ముక్క ఎంత పెద్దది, ఎంత పండింది, కప్పులో వదులుగా వేశారా అదిమారా అన్నదాన్ని బట్టి తూకం సగానికి సగం మారిపోతుంది. అందుకే పండ్ల కొలతను గ్రాముల్లో కూడా వేయాలని, ఆ తూకం తొక్క తీయకముందుదో తీశాకదో చెప్పాలని కోరుతున్నాను. ఇప్పటికే దాచుకున్న వంటకాల్లోని కప్పులను తూకంలోకి మార్చుకునే పద్ధతి కూడా ఇక్కడే రాస్తున్నాను. పాఠకులకు పనికొస్తుందని నా నమ్మకం.

ముందు కప్పు సంగతి చూద్దాం. ఆ పేరుతో చలామణిలో ఉన్న కొలతలు చాలా ఉన్నాయి. అమెరికా వంట పుస్తకాల్లో కప్పు అంటే సుమారు 237 మిల్లీలీటర్లు. అక్కడే ప్యాకెట్ల మీద పోషక విలువలు లెక్కగట్టడానికి వాడే కప్పు 240. ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. టేబుల్ స్పూన్‌కూ ఇదే గొడవ. చాలాచోట్ల అది 15 మి.లీ. అయితే ఆస్ట్రేలియాలో 20. మూడు టేబుల్ స్పూన్ల నిమ్మరసం ఒకచోట 45 మి.లీ., మరోచోట 60 అవుతుంది.

కొలతలన్నీ ఒకే కప్పుతో ఉన్నంతసేపు కప్పు పెద్దదైనా చిన్నదైనా ఇబ్బంది లేదు. పిండి, చక్కెర, పాలు, పండు అన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి, తగ్గుతాయి. మధ్యలో లెక్కబెట్టి వేసేవి, ప్యాకెట్‌తో వేసేవి వచ్చినప్పుడే చిక్కు. రెండు గుడ్లు, ఒక ప్యాకెట్ జెలటిన్, 100 గ్రాముల వెన్న మన కప్పును బట్టి మారవు. 200 మి.లీ. కప్పు ఉన్నవారు, 250 మి.లీ. కప్పు ఉన్నవారు అదే వంటకం చేస్తే రెండోవారి గిన్నెలో పండు నాలుగో వంతు ఎక్కువ పడుతుంది. గుడ్లు మాత్రం ఇద్దరికీ రెండే. జెల్లీ ఒకరికి గట్టిగా, ఇంకొకరికి జారుగా వస్తే చేసినవారి చేతిని అనడానికి లేదు.

ఇంట్లోని కప్పు ఎంతదో తెలుసుకోవడం రెండు నిమిషాల పని. ఖాళీ కప్పును డిజిటల్ కాటా మీద పెట్టి సున్నా చేయాలి. అంచు దాకా నీళ్లు పోయాలి. నీళ్లు అంచు మీద ఉబ్బెత్తుగా నిలిస్తే ఎక్కువ పోసినట్టే, మట్టంగా ఉన్నప్పుడు ఆపాలి. కప్పు బయట తడి తుడిచి అంకె చూడాలి. ఎన్ని గ్రాములు చూపితే ఆ కప్పు దాదాపు అన్ని మిల్లీలీటర్లు. గది వేడిలో లీటరు నీళ్లు కిలోకు రెండు మూడు గ్రాములు మాత్రమే తక్కువ తూగుతాయి, వంటకు అది లెక్కలోది కాదు. ఆ అంకెను కప్పు అడుగున మార్కర్‌తో రాసుకుంటే మళ్లీ తూచే పని ఉండదు.

ఔన్సు దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బరువు ఔన్సు 28.35 గ్రాములు. ద్రవ ఔన్సు అమెరికా లెక్కలో 29.57 మిల్లీలీటర్లు. అంకెలు దగ్గరదగ్గరగా ఉండటంతో రెండూ ఒకటేనన్న భ్రమ కలుగుతుంది. నీళ్లకూ పాలకూ ఆ భ్రమ వల్ల నష్టం లేదు. స్ట్రాబెర్రీలకు ఉంది. 8 బరువు ఔన్సుల స్ట్రాబెర్రీలు 227 గ్రాములు తూగితే, 8 ద్రవ ఔన్సుల గిన్నెడు, అంటే ఒక కప్పుడు, స్ట్రాబెర్రీలు 144 గ్రాములే. ఇంకోమాట, అమెరికా పాత వంటకాల్లో ‘ఒక పింటు బెర్రీలు’ అని ఉంటే అది పొడి సరుకు కొలిచే పింటు. దాని పరిమాణం 551 మి.లీ. ద్రవాలు కొలిచే 473 మి.లీ. పింటు అనుకుంటే పండు తక్కువ పడుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. కప్పులో పండు వేసినప్పుడు ముక్కల మధ్య సందుల్లోని గాలి కూడా కొలతలోకి వచ్చేస్తుంది. ఎంత గాలి చేరిందన్నది ముక్కను బట్టి ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల్లో స్ట్రాబెర్రీ అంకెలు చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. అదే 237 మి.లీ. కప్పులో పండ్లు మొత్తంగా వేస్తే 144 గ్రాములు పడతాయి. సగానికి కోసి వేస్తే 152, పలుచగా తరిగితే 166, మెత్తగా గుజ్జు చేస్తే 232. పండు ఒకటే, కప్పు ఒకటే. మొదటి అంకెకూ చివరి అంకెకూ మధ్య 88 గ్రాముల తేడా కత్తి వల్ల వచ్చింది. గుండ్రని వస్తువులను ఎంత కుదిపి నింపినా గిన్నెలో మూడో వంతుకు పైగా ఖాళీ మిగిలిపోతుంది. కోసిన ముక్కలు ఒకదాని పక్కన ఒకటి ఒదుగుతాయి కాబట్టి ఆ ఖాళీ కొంత తగ్గుతుంది. గుజ్జు చేస్తే సందులే ఉండవు, అప్పుడు తూకం నీళ్ల తూకానికి చేరుతుంది.

కప్పు చిన్నదైన కొద్దీ పొరపాటు పెరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి. గోడ పక్కన ముక్కలు సరిగ్గా ఒదగవు, అక్కడ ఖాళీ ఎక్కువ. పెద్ద ముక్కలను పావు కప్పుతో నాలుగుసార్లు కొలిస్తే ఒకసారి కప్పు నింపి కొలిచినంత తూకం రాదు, తగ్గుతుంది. పెద్ద ముక్కలుంటే పెద్ద గిన్నెతో ఒకేసారి కొలవడం మేలు.

కప్పుల తగవు లేకుండా 100 మి.లీ. కొలతకు ఎన్ని గ్రాములో లెక్కగట్టి పెట్టుకుంటే ఎవరి కప్పుకైనా పనికొస్తుంది. పై పట్టికల అంకెలను అలా మారిస్తే వచ్చేవి ఇవి. అన్నీ తొక్క, గింజ, తొడిమ లాంటి తినని భాగాలు తీశాక ఉండే తూకాలు, ఆపిల్ మాత్రం పలకలైనా ముక్కలైనా తొక్కతో.

ఆపిల్ పలకలు 46, ఆపిల్ ముక్కలు 53
రాస్ప్‌బెర్రీలు 52
స్ట్రాబెర్రీలు మొత్తంగా 61, తరిగినవి 70, గుజ్జు 98
బొప్పాయి ముక్కలు 61, గుజ్జు 97
అరటి చక్రాలు 63, మెదిపిన అరటి 95
బ్లూబెర్రీలు 63, ద్రాక్ష 64
మామిడి ముక్కలు 70, అనాస ముక్కలు 70
దానిమ్మ గింజలు 73
నారింజ తొనలు 76
ఎండుద్రాక్ష వదులుగా 61, అదిమి నింపితే 70

ఈ అంకెలన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. గుజ్జులన్నీ 95 నుంచి 98 మధ్య ఉన్నాయి. అంటే గుజ్జుకు మిల్లీలీటరు ఇంచుమించు గ్రాముతో సమానం. రసం ఉన్న ముక్కలు, చిన్న గుండ్రని పండ్లు 60 నుంచి 76 మధ్య ఉన్నాయి. వాటికి మూడింట రెండు వంతులు అనుకుంటే పెద్దగా తప్పదు. ఆపిల్, రాస్ప్‌బెర్రీ మాత్రమే సగం దగ్గర ఆగాయి. రాస్ప్‌బెర్రీ లోపల బోలుగా ఉంటుంది. ఆపిల్ కండలోనే సుమారు నాలుగో వంతు గాలి ఉంటుంది, నీళ్లలో తేలేది అందుకే. పైగా ఆపిల్ పలకలు కప్పులో అడ్డదిడ్డంగా నిలబడి సందులు వదులుతాయి. ఆరు కప్పుల ఆపిల్ అని వంటకంలో ఉంటే పలకలైతే 654 గ్రాములు, ముక్కలైతే 750. ఆపిల్ పై, అంటే పిండి పొరలో పండు నింపి కాల్చే వంటకం, చేసేటప్పుడు పండులో కలిపే కార్న్‌ఫ్లోర్‌ను ఒక లెక్కకు వేసి ఆపిల్‌ను ఇంకో లెక్కకు వేస్తే రసం చిక్కబడదు, కోసినప్పుడు పళ్లెంలోకి కారుతుంది.

ఈ తేడా అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది జామ్‌ను. ‘ఒక కప్పు పండుకు ఒక కప్పు చక్కెర’ అని రాసే అలవాటు ఉంది. 237 మి.లీ. కప్పు చక్కెర 200 గ్రాములు. మొత్తం స్ట్రాబెర్రీలను కప్పుతో కొలిచినవారు కిలో పండుకు దాదాపు 1390 గ్రాముల చక్కెర వేస్తారు. తరిగి కొలిచినవారు 1205 వేస్తారు. గుజ్జు చేసి కొలిచినవారు 860 దగ్గర ఆగుతారు. ముగ్గురూ వంటకంలో ఉన్నది ఉన్నట్టు పాటించినవారే. మొదటివారి జామ్ కాసేపటికే ఉడికినట్టు కనిపిస్తుంది. చక్కెర ఎక్కువ కాబట్టి నీరు కొద్దిగా ఇగిరేసరికే పాకం చిక్కబడి థర్మామీటర్ 105 డిగ్రీలు చూపుతుంది. జామ్‌ను గడ్డకట్టించే పెక్టిన్ అనే పదార్థం పండులో ఉన్నంత మాత్రం అంత చక్కెరకు చాలదు. సీసాలో అది తియ్యని పాకంలా జారుతుంది, కొన్నాళ్లకు చక్కెర పలుకులు కడుతుంది. మూడోవారిది ఎక్కువసేపు మరిగించాలి. తొందరపడి దించేస్తే చక్కెర శాతం తక్కువై త్వరగా బూజు పడుతుంది.

జామ్ నిలవ ఉండాలన్నా గడ్డకట్టాలన్నా తుది ముద్దలో కరిగి ఉన్న పదార్థం, ముఖ్యంగా చక్కెర, 65 శాతం దగ్గర ఉండాలి. తూకంతో చేస్తే ఇది ముందే లెక్కకట్టుకోవచ్చు. కిలో స్ట్రాబెర్రీ, కిలో చక్కెర తీసుకుంటే పండులో సహజంగా ఉండే చక్కెర, పులుపు వగైరా ఇంకో 70 గ్రాములు కలుస్తాయి. 1070ని 0.65తో భాగిస్తే సుమారు 1650. అంటే గిన్నెలో పదార్థం 2000 గ్రాముల నుంచి 1650కి దిగితే జామ్ తయారైనట్టే. ఖాళీ గిన్నెను గరిటెతో సహా ముందే తూచి రాసుకోవాలి. దించే ముందు మంట ఆపి, కాటా మీద మందపాటి చెక్క పెట్టి సున్నా చేసి, దాని మీద గిన్నె పెట్టి చూడాలి. వేడి గిన్నెను నేరుగా కాటా మీద పెడితే కాటా పాడవుతుంది, అంకె కూడా తప్పు చూపుతుంది. థర్మామీటర్‌నే నమ్ముకునేవారు 104, 105 డిగ్రీలన్నది సముద్ర మట్టం లెక్క అని మరిచిపోకూడదు. ఎత్తయిన ఊళ్లలో నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయో చూసి దానికి నాలుగైదు డిగ్రీలు కలుపుకోవాలి. తూకానికి ఆ ఇబ్బంది లేదు, అందుకే నాకు దాని మీదే గురి.

అరటిపండు కేకు ఇంకో ఉదాహరణ. ‘మూడు అరటిపళ్లు’ అని రాస్తే చిన్నవి మూడు తొక్క తీశాక 300 గ్రాములు, బాగా పెద్దవి మూడు 450 గ్రాములు ఉంటాయి. అరటి కండలో మూడొంతులు నీరే. అంటే 150 గ్రాముల అరటి ఎక్కువైతే 110 గ్రాములకు పైగా నీరు పిండిలో అదనంగా చేరుతుంది. కేకు అడుగున తడి జిగురు పొర కట్టడానికి, నడుమ దిగబడటానికి ఇదొక ముఖ్య కారణం. చాలామంది బేకింగ్ పౌడర్‌ను, ఓవెన్‌ను అనుమానిస్తారు. ‘ఒక కప్పు అరటి’ అని రాసినా చిక్కు పోదు. చక్రాలుగా కోసి కొలిస్తే 150 గ్రాములు, మెత్తగా మెదిపి కొలిస్తే 225. కేకు వంటకాల్లో కప్పు అరటి అంటే చాలావరకు మెదిపినదే. ‘తొక్క తీసి మెదిపిన అరటి 225 గ్రాములు’ అని ఒక్క ముక్క వేస్తే ఈ తికమకంతా ఉండదు.

తొక్క ఊసు వచ్చింది కాబట్టి, కొన్న తూకానికీ గిన్నెలో పడే తూకానికీ ఉన్న దూరం కూడా చెప్పాలి. అరటిలో సుమారు 36 శాతం తొక్కకే పోతుంది. కిలో కొంటే చేతికొచ్చేది 640 గ్రాములు. బాగా మగ్గిన పండులో తొక్క పలుచబడి ఈ నష్టం కొంత తగ్గుతుంది. అనాసలో దాదాపు సగం, దానిమ్మలో నాలుగో వంతుకు చాలా ఎక్కువ, సుమారు 44 శాతం, పోతుంది. ఆపిల్‌లో గింజల గూడు, తొడిమ కలిపి పదో వంతు. స్ట్రాబెర్రీలో తొడిమకు ఆరు శాతం. మామిడి రకాన్ని బట్టి మారుతుంది, తొక్కకూ టెంకకూ కలిపి మూడో వంతు వదులుకుంటే సాధారణంగా సరిపోతుంది. ఒక లెక్క చేసి చూపిస్తాను. వంటకంలో అమెరికా కప్పుతో మూడు కప్పుల మామిడి ముక్కలు కావాలని ఉంది. మూడు 237లు 711 మి.లీ. 100 మి.లీ.కి 70 గ్రాముల చొప్పున దాదాపు 500 గ్రాముల ముక్కలు. అందుకు కొనాల్సిన పండ్లు 750 గ్రాములు. అదే అనాస అయితే ముక్కల తూకం అదే 500, కొనాల్సింది మాత్రం కిలో.

ఫ్రీజర్‌లో పెట్టిన పండ్లను గట్టిగా ఉన్నప్పుడే తూచాలి. పండులోని నీరు గడ్డకట్టి వ్యాకోచించినప్పుడు కణాల గోడలు చిట్లుతాయి. కరిగాక పండు మెత్తబడి కుదించుకుపోతుంది. గడ్డగా ఉన్న స్ట్రాబెర్రీలు కప్పుకు 149 గ్రాములు పడితే కరిగాక 221 పడతాయి. రెండు కప్పులు కరిగాక కొలిచినవారు అనుకున్నదానికంటే 144 గ్రాములు ఎక్కువ వేస్తారు. తూకంతో వెళ్లేవారికి ఈ బాధ లేదు, కరిగినా గడ్డకట్టినా తూకం ఒకటే. కాకపోతే కరిగేటప్పుడు కారిన రసాన్ని పారబోయకుండా పండుతోపాటే గిన్నెలో వేయాలి. అది పండు నుంచి వచ్చిన నీరే. చక్కెర చల్లి ఊరబెట్టే పండ్లకూ ఇదే వర్తిస్తుంది, చక్కెర చల్లకముందే తూచుకోవాలి.

ఎండు పండ్ల దగ్గర తప్పు తక్కువే. ఎండుద్రాక్షను వదులుగా వేసినా అదిమినా కప్పుకు 20 గ్రాములే తేడా. నానబెట్టాల్సి ఉంటే నానకముందు తూచాలి. తాజా పండుకు బదులు ఎండు పండును కప్పుకు కప్పుగా మాత్రం మార్చకూడదు. కిలో ఎండుద్రాక్ష కావాలంటే నాలుగు కిలోలకు పైగా ద్రాక్ష ఎండాలి. తీపి అంతా అందులో చిక్కబడి ఉంటుంది.

రసాలకు మిల్లీలీటర్లే హాయి. చక్కెర 12 శాతం దాకా ఉన్న పండ్ల రసం నీళ్ల కంటే అయిదు శాతం బరువు. 250 మి.లీ. రసం 262 గ్రాములు తూగుతుంది. గ్రామూ మిల్లీలీటరూ ఒకటే అనుకున్నా వంట చెడదు. తయారైన జామ్‌కు మాత్రం అలా అనుకోకూడదు, 15 మి.లీ. స్పూన్‌కు 20 గ్రాములు పడుతుంది. నిమ్మ తొక్క తురుము దానికి పూర్తిగా ఎదురు, అదే స్పూన్‌కు 6 గ్రాములే. తురుము అదిమితే ఇంకా పడుతుంది, చేదు కూడా దానితోపాటే వస్తుంది. డబ్బా పండ్ల మీద రెండు తూకాలు వేస్తారు. ఒకటి పాకంతో కలిపి, ఇంకోటి పాకం వడకట్టాక మిగిలే పండుది. వంటకంలో ఏది కావాలో రాయకపోతే చదివేవారు పెద్ద అంకెనే చూస్తారు.

పై అంకెలు సగటులు. మీరు కోసే ముక్క వేరుగా ఉండొచ్చు. కాబట్టి తరచూ చేసే వంటకానికి సొంత అంకె కట్టుకోవడం మంచిది. పండ్లు కడిగి, గుడ్డ మీద ఆరనివ్వాలి. స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీల మీద నిలిచిన తడి కూడా కాటాకు తెలుస్తుంది. ఎప్పుడూ కోసే సైజులోనే ముక్కలు కోయాలి. కప్పును సున్నా చేసి, ముక్కలను పైనుంచి వదులుగా రాలనిచ్చి, అదమకుండా ఒక్కసారి మాత్రం కుదపాలి. అంచు పైకి వచ్చిన ముక్కలు, అంచు కింద మిగిలిన గుంటలు సరిసమానం అయ్యేలా సర్ది తూచాలి. ఆ ముక్కలను గిన్నెలో పోసి, కలిపి, మళ్లీ నింపి తూచాలి. మూడుసార్లు వచ్చిన అంకెల సగటు తీసి, కప్పు మిల్లీలీటర్లతో భాగించి, 100తో గుణిస్తే మీ అంకె వస్తుంది. పక్కనే ముక్క సైజు రాసుకోవాలి. ‘మామిడి 70’ అని రాస్తే ఏడాది తర్వాత పనికిరాదు, ‘మామిడి, రెండు సెంటీమీటర్ల ముక్కలు, 70’ అని ఉంటే పనికొస్తుంది.

కాటా లేనివారికి ఒక మంచి ఉపాయం ఉంది. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెడుతుంది. గీతలున్న వెడల్పాటి కొలత జగ్గులో సగం దాకా నీళ్లు పోసి, అందులో తేలికైన చిన్న ప్లాస్టిక్ గిన్నెను తేలేలా వదలాలి. నీటి మట్టం ఏ గీత దగ్గరుందో కన్ను గీతకు సమానంగా పెట్టి చూసుకోవాలి. ఇప్పుడు ఆ చిన్న గిన్నెలో పండ్ల ముక్కలు వేయాలి. మట్టం 500 నుంచి 650కి ఎక్కితే గిన్నెలో పడిన పండు 150 గ్రాములు. గుజ్జుకైనా ఇదే పద్ధతి. గిన్నె జగ్గు అడుగును తాకకూడదు, గోడకు ఒరిగి ఆగిపోకూడదు, లోపలికి నీళ్లు రాకూడదు. ఈ మూడింట్లో ఏది జరిగినా అంకె తప్పుతుంది. ఆపిల్ లాంటి తేలే పండు కోయకుండా ఉంటే గిన్నె కూడా అక్కర్లేదు, నేరుగా నీళ్లలో వదిలి మట్టం చూడొచ్చు. వేలితో లోపలికి నొక్కితే మాత్రం బరువుకు బదులు దాని పరిమాణం తెలుస్తుంది. కోసిన ముక్కలను నీళ్లలో వేయొద్దు, తీపి నీళ్లలోకి దిగిపోతుంది.

కాటాలు కూడా కొన్నిసార్లు తప్పుదారి పట్టిస్తాయి. చాలా వంటింటి కాటాల మీద గ్రాముల బటన్‌తోపాటు మి.లీ. అన్న బటన్ కూడా ఉంటుంది. అది పరిమాణాన్ని కొలవదు, బరువును నీళ్ల లెక్కనో పాల లెక్కనో మార్చి చూపిస్తుంది. పండు ముక్కలకు ఆ అంకె అర్థం లేనిది. తురుము లాంటివి చిటికెడు చిటికెడుగా వేస్తే కొన్ని కాటాలు ఆ చిన్న మార్పును పట్టించుకోకుండా సున్నా దగ్గరే నిలబడతాయి. వేరే గిన్నెలో పోగుచేసి ఒకేసారి పెట్టాలి. కాటా కింద గుడ్డ ఉన్నా, బ్యాటరీ నీరసించినా అంకె ఊగుతుంది.

ఇక మీ పేజీకి నా విన్నపం. పదార్థాల వరసలో పండును ఇలా వేయండి: ‘మామిడి ముక్కలు, తొక్క టెంక తీసి రెండు సెంటీమీటర్ల సైజులో కోసినవి, 500 గ్రాములు, సుమారు 3 కప్పులు, కొనాల్సిన పండ్లు 750 గ్రాములు’. ఒక వాక్యం జాగా ఎక్కువ పడుతుంది, అంతే. పేజీ మొదట్లో ఎక్కడో ఒకచోట మీ కప్పు ఎన్ని మిల్లీలీటర్లో, స్పూన్ ఎంతో స్థిరంగా వేస్తే ఇంకా మంచిది. పాత వంటకాలను తిరగరాసేటప్పుడు కప్పులను 240తో గుణించి గ్రాములని వేయవద్దని గట్టిగా కోరుతున్నాను. ఇంటర్నెట్‌లో దొరికే మార్పిడి పట్టికలు కొన్ని ఇదే పని చేస్తున్నాయి. ఆ లెక్కన మూడు కప్పుల ఆపిల్ పలకలు 720 గ్రాములవుతాయి. నిజంగా ఉండేవి 330 గ్రాముల లోపే. తూకం తెలియని చోట వంటకం పంపినవారినే మళ్లీ ఒకసారి తూచి చెప్పమనండి. అది కుదరకపోతే పండును ఎలా కోసి కొలిచారో అడిగి, ఆ మాటయినా కప్పు పక్కన వేయండి.

ఇట్లు,
మీ వంటల పేజీ పాఠకురాలు